వెన్నెల పేరుతో వెలిగే నీలం

ఇంట్లో పగడాల తొట్టి పెంచేవాళ్లు రాత్రిపూట దాని మీద వేసే నీలం దీపాన్ని మూన్‌లైట్ అంటారు. దుకాణాల్లో ఆ పేరుతోనే అమ్ముతారు. కంట్రోలర్ తెరమీద చంద్రవంక బొమ్మ పక్కన కనబడేది ఆ నీలమే. నిజానికి చంద్రుడికీ ఆ రంగుకూ పొత్తు తక్కువ. వెన్నెల అంటే చంద్రుడి నేల మీద పడి తిరిగొచ్చిన ఎండే. ఆ నేల నీలం కంటే ఎరుపును కాస్త ఎక్కువగా తిప్పి పంపుతుంది కాబట్టి, కొలిచి చూస్తే వెన్నెల ఎండ కంటే ఒక పిసరు ఎర్రగానే ఉంటుంది. మనకు నీలంగా తోచడానికి కారణం మన కన్ను. వెలుగు సన్నగిల్లే కొద్దీ ఎరుపులు ముందు నల్లబడతాయని, నీలాలు నిలబడతాయని 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించాడు. రంగుల సినిమా వచ్చాక పట్టపగలు నీలం ఫిల్టరు వేసి రాత్రి దృశ్యాలు తీయడం మామూలైపోయి, వెన్నెలను నీలంగా ఊహించే అలవాటు ఇంకా బిగిసింది. ఏ నీలమూ లేకుండానే 1957లో ‘మాయాబజార్’ నౌకా విహారంలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో పండించిన వెన్నెల మన తెలుగువాళ్ల కళ్లకు ఎంత నిండుగా కనబడిందో వేరే చెప్పక్కర్లేదు. పగడాల తొట్టి మీది రాత్రి దీపం చరిత్రంతా తిరగేస్తే తేలేది ఒకటే: దాన్ని చూసేవాడి కన్ను ఎంచింది, దీపాలు తయారుచేసేవాడి సౌకర్యం ఎంచింది. పగడానికి రాత్రి నుంచి కావలసింది ఏమిటన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. జవాబు చీకటి అని తేలింది. అదీ ఎప్పుడూ ఒకేలా ఉండే చీకటి కాదు, తిథిని బట్టి పెరిగి తరిగే చీకటి.

మొదట్లో ఈ ప్రశ్నకు చోటే లేదు. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండులోని టార్కీ తీరం నుంచి చల్లని నీళ్లలో బతికే రాతి పగడాలను లండన్ తీసుకెళ్లి గాజు పాత్రల్లో పెంచింది. పంపులు లేని కాలం. పనిమనిషి తెరిచిన కిటికీ ముందు నిలబడి, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి సముద్రపు నీటిని అరగంట, ముప్పావుగంట సేపు ఎత్తి పోసేది, నీటికి గాలి పట్టడానికి. వెలుగు సంగతి కిటికీ చూసుకునేది. ఉష్ణమండలపు పగడాలను ఇంటి తొట్టిలో నిలబెట్టినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు జకార్తాలోని లీ చిన్ ఎంగ్. సముద్రంలోంచి జీవంతో తెచ్చిన రాళ్లు, సన్నటి గాలి బుడగలు, ఎండ, ఇంతే ఆయన సరంజామా. 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో తన పద్ధతిని ప్రకటించాడు. ఈ రెండు కాలాల్లోనూ తొట్టి రాత్రి ఇంటి రాత్రితోనే సాగింది. దీపం ఆరితే తొట్టీ చీకటే. రాత్రికి వేరే దీపం కొనాలన్న ఊహ ఎవరికీ రాలేదు.

ఆ ఊహకు విత్తనం పడింది న్యూ కలెడోనియాలో. రెనే కతలా, ఆయన భార్య ఇదా స్తుకీ 1956లో నూమేయా పట్టణంలో అక్వేరియం తెరిచారు. లోతు నీళ్లలోంచి తెచ్చిన పగడాల మీద అతినీలలోహిత కాంతి పడేసరికి అవి ఆకుపచ్చగా, నారింజగా, ఎర్రగా వెలిగిపోవడం కతలా చూశాడు. దానికోసం చీకటి గదిలో తొట్లు పెట్టి సందర్శకులకు చూపించాడు, పుస్తకం రాశాడు. పగలు మట్టిరంగులో ఉన్న జీవి చీకట్లో నిప్పులా కనబడటం ఎవరినైనా కట్టిపడేస్తుంది. శాస్త్రానికీ ఆ మెరుపు మేలు చేసింది. 1999లో మాస్కో పరిశోధకులు పగడాల జాతి జీవుల నుంచి ఎర్రగా మెరిసే ప్రోటీన్‌ను వేరుచేశారు. ఇప్పుడు ప్రపంచంలోని జీవశాస్త్ర ప్రయోగశాలల్లో కణాలకు గుర్తుపెట్టడానికి ఆ కుటుంబపు ప్రోటీన్లు వాడుతున్నారు. అయితే ఇక్కడ మనకు ముఖ్యమైన విషయం వేరు. చీకటి గదిలో నీలం, ఊదా కాంతి వేసి పగడాన్ని చూడటం అనే పద్ధతి పుట్టింది ప్రదర్శనశాలలో, ప్రేక్షకుడి కోసం. ఆ పద్ధతి తర్వాత ఇళ్లలోకి వచ్చినప్పుడు ప్రేక్షకుడూ దాంతోపాటే వచ్చాడు.

ఇళ్లలోకి వచ్చిన దారి ఐరోపా మీదుగా సాగింది. 1980ల్లో బెర్లిన్ పెంపకందారులు జీవశిలలు, నురుగు తీసే స్కిమ్మర్, మెటల్ హాలైడ్ దీపం కలిపి గట్టి పగడాలను పెంచగలిగారు. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అమెరికాలో ఈ పిచ్చి అంటుకుంది. మెటల్ హాలైడ్ దీపానికి ఒక మొండితనం ఉంది. వెలిగితే పూర్తిగా వెలుగుతుంది, లేకపోతే లేదు. దాన్ని నెమ్మదిగా తగ్గించడం కుదరదు. భగ్గుమని వెలిగితే చేపలు బెదురుతాయి. దానికి విరుగుడుగా 420 నానోమీటర్ల దగ్గర నీలి ఊదా కాంతినిచ్చే ఆక్టినిక్ గొట్టాలను పక్కన బిగించారు. అవి పరిశ్రమల అవసరాలకు పుట్టిన గొట్టాలు, అక్వేరియం కోసం కాదు. రెండు టైమర్లు పెట్టి పొద్దున ముందు నీలం, తర్వాత హాలైడ్. సాయంత్రం ముందు హాలైడ్ ఆరి, తర్వాత నీలం ఆరేలా చేశారు. పగడాల తొట్టిలో రోజు నీలంతో ముగియాలన్న నియమం ఇలా ఒక దీపం లోపాన్ని కప్పిపుచ్చే ఏర్పాటుగా మొదలైంది. ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి సాయంత్రం తొట్టి ముందు కూర్చునే మనిషికి ఆ ఆఖరి నీలం గంటే చూడటానికి దొరికేది. మెరుపులన్నీ ఆ గంటలోనే. సహజంగానే ఆ గంట పెరుగుతూ పోయింది.

నీలం ఎల్‌ఈడీ వచ్చాక దానికి అంతు లేకుండా పోయింది. 1993లో జపాన్‌లో నకమురా ప్రకాశవంతమైన నీలం డయోడ్ తయారుచేశాడు. ఆ పనికి అకసాకి, అమానోలతో కలిపి 2014లో నోబెల్ వచ్చింది. కొద్ది ఏళ్లలో చుక్కల్లాంటి నాలుగు నీలం డయోడ్లను మూత కింద అతికించి మూన్‌లైట్ పేరుతో అమ్మడం మొదలైంది. ఎందుకు నీలం? చవకగా దొరికేది, తక్కువ కరెంటుతో పగడాలను మెరిపించేది అదే. సినిమాలు చూసి పెరిగిన కంటికి అది వెన్నెలే అనిపించేది కూడా. తర్వాత పగటి దీపాలు కూడా ఎల్‌ఈడీలై, కంట్రోలర్లు వచ్చి, చంద్రుడి వృద్ధిక్షయాలను అనుకరించే బటన్లు కూడా చేరాయి. అప్పటికి నీలం గురించి అడగడం మానేశారు, అది సంప్రదాయం అయిపోయింది.

ఇదే కాలంలో సముద్రం దగ్గర వేరే కథ నడుస్తోంది. జీవులు తిథులు చూసుకుంటాయన్న సంగతి దీవులవాళ్లకు ఏనాటి నుంచో తెలుసు. సమోవాలో పలోలో పురుగులు అక్టోబర్, నవంబర్‌లలో పున్నమి వెళ్లిన అష్టమి ప్రాంతంలో నీటిపైకి గుంపులుగా వస్తాయని అక్కడి జనం వలలు సిద్ధం చేసుకుంటారు. పగడాల విషయంలో 1928–29లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కు వెళ్లిన బ్రిటిష్ బృందంలోని షీనా మార్షల్, స్టీఫెన్సన్ ఒక జాతి తన లార్వాలను చాంద్రమాసాన్ని అనుసరించి విడుస్తున్నట్టు గుర్తించారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు పాఠ్యపుస్తకాలు పగడాలు ఎక్కువగా లార్వాలను లోపలే పెంచి విడుస్తాయని చెప్పుకొచ్చాయి. 1981, 1982ల్లో టౌన్స్‌విల్ దగ్గరి మాగ్నెటిక్ దీవి, మరికొన్ని చోట్ల యువ పరిశోధకులు రాత్రిపూట నీళ్లలో దిగి చూశాక లెక్క తిరగబడింది. పాలిప్‌ల నోళ్ల దగ్గర గులాబీ రంగు పూసల్లా ఉండలు వచ్చి నిలుస్తాయి. కాసేపటికి ఒక్కొక్కటీ జారి, అండాలూ శుక్రకణాలూ కలిసిన ఆ ఉండలు నిటారుగా పైకి తేలిపోతాయి. తల తిప్పిన ప్రతి చోటా అదే జరుగుతుంటుంది. 32 జాతులు అక్కడి దక్షిణార్ధగోళపు వసంతం చివరి పున్నమి తర్వాత కొద్ది రాత్రుల్లోనే కలిసి ఇలా విడుస్తున్నాయని 1984లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. మన లెక్కలో చెప్పాలంటే అవి ఆశ్వయుజ, కార్తిక మాసాల బహుళ చవితి, పంచమి, షష్ఠి రాత్రులు.

తిథుల మాట ఊరికే అనలేదు. పున్నమి నాడు సూర్యుడు దిగుతుండగానే చంద్రుడు వస్తాడు, మధ్యలో చీకటి ఉండదు. మర్నాటి నుంచి రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. అట్లతద్ది నాడు ఆడపిల్లలు ఉపవాసంతో చంద్రుడి కోసం ఎదురుచూసే ఆ చీకటి సేపు ఉంది చూశారూ, అదే పగడానికి సంకేతం. 2021లో తైవాన్ పగడాల మీద పనిచేసిన పరిశోధకులు ఈ సంగతి తేల్చారు. సూర్యాస్తమయానికీ చంద్రోదయానికీ నడుమ చీకటి ఏర్పడితేనే ఆ జాతి విడుదలకు సిద్ధపడుతోంది, దాన్ని కృత్రిమంగా ముందే కల్పిస్తే విడుదల రోజు కూడా ముందుకు జరుగుతోంది. అంటే వెన్నెలను వెన్నెలగా కాకుండా, చీకటిని మూసి ఉంచిన తలుపుగా పగడం చదువుతోంది. దీనికి చాలా ముందే, 1985లో హవాయిలో పాల్ జోకీల్ బృందం ఇంకో జాతి పగడాలను కొన్నింటిని నిత్య పౌర్ణమిలో, కొన్నింటిని నిత్య అమావాస్యలో ఉంచింది. రెండు చోట్లా నెలవారీ లయ చెదిరిపోయింది. ఈ ప్రయోగం ప్రతి పెంపకందారుడికీ తెలియాలి, ఎందుకంటే రాత్రంతా, నెలంతా ఒకే స్థాయిలో వెలిగే నీలం దీపం కింద ఉన్న తొట్టిలో జరిగేది అచ్చంగా ఆ నిత్య పౌర్ణమి ప్రయోగమే.

కాకపోతే తొట్టిలోని పౌర్ణమి ఒక్క పౌర్ణమి కూడా కాదు. నడినెత్తిన సూర్యుడి కాంతి నిండు చంద్రుడి కాంతికి దాదాపు 4,00,000 రెట్లు. కాంతిని కొలవడానికి పెంపకందారులు వాడే ప్యార్ మీటరు భాషలో మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 2000 మైక్రోమోల్‌లు అనుకుంటే, నిండు వెన్నెల 0.005. చాలా మీటర్లకు ఒకటి కంటే తక్కువ కొలవడం రాదు. కాబట్టి మూన్‌లైట్ కింద మీటరు 1 చూపిస్తే, పగడాల మీద 200 పున్నములు ఒకేసారి కాసినట్టు. 300 మైక్రోమోల్‌లు ఇచ్చే దీపాన్ని ఒక్క శాతానికి తగ్గించి చాలా తగ్గించాననుకుంటే, అవి 600 పున్నములు. కంట్రోలర్ చంద్రకళల లెక్క కూడా తరచు పొరపాటే. అష్టమి నాటి సగం చంద్రుడి వెలుగు పున్నమిలో సగం ఉండదు, ఇంచుమించు పదో వంతే ఉంటుంది. పైగా చాలా పరికరాలు వెలుగును తగ్గిస్తాయే కానీ చంద్రోదయాన్ని ఆలస్యం చేయవు. దీపం ఆరగానే మూన్‌లైట్ వెలుగుతుంది, బహుళ పంచమి నాడైనా సరే. పైన చెప్పిన చీకటి తలుపు ఆ తొట్టిలో ఎప్పటికీ తెరుచుకోదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. నీటికి ఎరుపును మింగే గుణం ఉంది కదా, లోతుకు చేరేసరికి వెన్నెల ఎలాగూ నీలమే కదా, 2002లో గోర్బునోవ్, ఫాల్కోవ్‌స్కీ పగడాలు నీలం కాంతికే, అదీ వెన్నెలంత పలుచని నీలానికే స్పందిస్తాయని చూపించారు కదా, మరి నీలం వేస్తే తప్పేమిటి అని అడగవచ్చు. మాట నిజమే. 2007లో ఓరెన్ లెవీ బృందం అక్రోపోరా పగడాల్లోని ఒక జాతిలో నీలాన్ని పట్టుకునే క్రిప్టోక్రోమ్ జన్యువుల్లో ఒకటి పున్నమి రాత్రుల్లో ఎక్కువ పనిచేస్తుందని కూడా కనిపెట్టింది. కానీ ఈ ఆధారాలన్నీ కలిపి చెప్పేది నీలం పనికొస్తుందని కాదు, నీలం విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరమని. ఏ రంగును పగడం అత్యంత సూక్ష్మంగా చదువుతుందో, ఆ రంగులో వందల రెట్లు ఎక్కువ పోయడం దాని చెవి దగ్గర డప్పు కొట్టడమే. ఎర్ర సముద్రపు పగడాలను రాత్రిపూట ఎల్‌ఈడీల కింద ఉంచి చూసిన పరిశోధనలో ఆక్సీకరణ ఒత్తిడి, కిరణజన్య సంయోగక్రియలో తరుగుదల కనబడ్డాయి. నీలం, తెలుపు దీపాల కింద ఆ దెబ్బ ఎక్కువ, పసుపు కింద తక్కువ. 2021లో ఫిలిప్పీన్స్‌లో రెండు అక్రోపోరా జాతులను రాత్రి వెలుగులో పెడితే అండాలు తయారయ్యే క్రమమే గాడి తప్పింది.

మరో అభ్యంతరం అనుభవం నుంచి వస్తుంది. పాతికేళ్లుగా లక్షల తొట్లు నీలం కింద పచ్చగా ఉన్నాయి, పెరుగుతున్నాయి, ఇంకేం కావాలి? ఈ అనుభవం అబద్ధం కాదు, కానీ అది కొలిచింది ఒక్కదాన్నే. ఈ అభిరుచి మొదటి నుంచీ కొమ్మలు తుంచి అంటు కట్టడం మీద నడిచింది. బెర్లిన్‌లో డీట్రిష్ స్ట్యూబర్ తొట్టిలోని ఒక అక్రోపోరా, ముక్కలు ముక్కలుగా చేతులు మారుతూ ఐరోపా అంతటా పాకి, పెంపకందారుల నోట ఆయన పేరే తెచ్చుకుంది. ముక్కతో పెరిగే జీవికి చంద్రుడు అక్కర్లేదు, తిథి అక్కర్లేదు. రాత్రి చెడిపోయినా ఆ లెక్కలో ఎక్కడా నష్టం కనబడదు. కొత్త తరం పుట్టడం లెక్కలోకి వచ్చినప్పుడే రాత్రి విలువ తెలుస్తుంది. మన దేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి ఈ అభిరుచి చరిత్ర చాలావరకు బయటి దేశాలదే. అయినా లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ ప్రాంతాల పగడపు దిబ్బల భవిష్యత్తు గురించి ఆలోచించేవారికి పగడం తొట్టిలో పిల్లలు పెట్టగలదా అన్నది పరాయి ప్రశ్న కాదు.

చీకటిలో చేపలు బెదురుతాయని ఇంకొందరు అంటారు. దిబ్బ మీద అమావాస్య ప్రతి నెలా వస్తుంది. రాస్ చేపల్లో చాలా జాతులు ఇసుకలో దూరి పడుకుంటాయి, కొన్ని చిలుక చేపలు జిగురు సంచి అల్లుకుని అందులో నిద్రపోతాయి, ట్రిగ్గర్ చేప రాతి సందులో ముల్లు దిగేసి ఇరుక్కుంటుంది. ఇవన్నీ చీకటి కోసం పుట్టిన అలవాట్లు. చేపలు బెదిరేది చీకటికి కాదు, ఉన్నట్టుండి హాల్లో లైటు వేసినప్పుడు. అర్ధరాత్రి రొయ్యలు, పురుగులు ఏం చేస్తున్నాయో చూడాలనుకుంటే సన్నటి ఎర్ర టార్చితో కాసేపు చూడవచ్చు, ఎక్కువ సముద్ర జీవులకు ఎరుపు అంతగా ఆనదు.

చిత్రమేమిటంటే, రాత్రి వెలగడానికి బలమైన కారణం ఉన్న దీపం ఒకటి ఈ తొట్ల కిందే ఉంది, దాన్ని ఎవరూ చూడరు. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగి, అన్ని జీవులూ ఊపిరి వదులుతూ పోయేసరికి నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది. స్మిత్‌సోనియన్‌లో వాల్టర్ ఏడీ నాచు పరుపులతో దిబ్బ నీటిని శుద్ధిచేసే పద్ధతి రూపొందించినప్పటి నుంచి, తొట్టి కింద నీటిని శుద్ధిచేసే చిన్న తొట్టిలో, అంటే సంప్‌లో, నాచు మీద దీపాన్ని పై తొట్టి పడుకున్నాక వెలిగించే అలవాటు వచ్చింది. పైన రాత్రి, కింద పగలు. నాచు ఆ కార్బన్‌ను తీసుకుంటుంది, ఆక్సిజన్ ఇస్తుంది, పీహెచ్ అంతగా జారదు. రాత్రి దీపం కొనడానికి డబ్బు ఉంటే అది వెళ్లవలసిన చోటు ఇదే. వెలుగు పైకి చిందకుండా సంప్ తలుపుకు నల్ల అట్ట అతికిస్తే చాలు.

పైన తొట్టికి ఏం చేయాలన్నది 2017లో లండన్ హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం ప్రకటించిన పద్ధతిలో ఉంది. నీటి వేడి, పగటి నిడివి, చంద్రుడి రాకపోకలు, ఈ మూడింటినీ పగడాలు వచ్చిన చోటి ఏడాదికి సరిపోల్చి కంప్యూటరుతో నడిపితే, తమ సొంత సముద్రానికి వేల కిలోమీటర్ల దూరంలో అక్రోపోరాలు అండాలు విడిచాయి. ఆ పద్ధతి సాయంతో 2019 ఆగస్టులో ఫ్లోరిడా అక్వేరియంలో, అంతరించిపోయే దశలో ఉన్న అట్లాంటిక్ స్తంభపు పగడం మొదటిసారి ప్రయోగశాలలో పిల్లలు పెట్టింది. ఇంట్లో అంత సరంజామా అక్కర్లేదు. దీపాలు గంటసేపు నెమ్మదిగా తగ్గి పూర్తిగా ఆరాలి. తొట్టి ఎదుటి టీవీ, వంటింటి ట్యూబ్‌లైటు, వీధి దీపం నుంచి వచ్చే వెలుగుకు పరదా ఉండాలి. చంద్రుడు కావాలనుకుంటే, పంచాంగంలోని చంద్రోదయ సమయానికి వెలిగి చంద్రాస్తమయానికి ఆరే ఒకే ఒక్క చిన్న తెల్ల డయోడ్, ఎత్తున, మీటరు సున్నా మీద నుంచి కదలనంత పలుచగా. అది పెట్టడం కుదరకపోతే ఏదీ పెట్టకపోవడమే మంచిది. నీలం మెరుపు చూడాలని ఉంటే దానికి సాయంత్రం ఉంది, పగటి దీపాలు దిగే గంట ఉంది.